చివర రావలసిన మనిషి

మంచు మీద జారడం నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఈ మాట చెబితే ఇక్కడివాళ్లు మర్యాదగా నవ్వుతారు, మనవాళ్లు గట్టిగా నవ్వుతారు. కాల్గరీ వచ్చిన మొదటి చలికాలం, బేకరీలో డ్యూటీ దిగాక బస్సు వచ్చేదాకా వెచ్చగా కూర్చోవడానికి లైబ్రరీకి వెళ్లేదాన్ని. అక్కడ ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. కిటికీలోంచి దూరంగా తెల్లటి కొండలు కనిపించేవి. వాటి గురించి తెలుసుకుందామని ఒక పుస్తకం తీశాను. మార్చి వచ్చేసరికి పదకొండు చదివాను. మంచులో రకాలు, కొండచరియలా మంచు ఎలా విరిగిపడుతుంది, చలికి వేలు ఎలా చచ్చుబడుతుంది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను ఇంటర్‌తో వచ్చి ఇక్కడ రెండేళ్ల డిప్లొమా చేసినదాన్ని. కాలేజీలో నేర్చుకున్నది తక్కువ. ఆ నోట్‌బుక్ అంటే మాత్రం నాకు గర్వం.

తరువాతి చలికాలం ఒక స్కీ క్లబ్బులో వలంటీరుగా చేరాను. కొత్తగా దేశానికి వచ్చినవాళ్లను కొండల మీదికి తీసుకెళ్లి, జారడం నేర్పి, క్షేమంగా దించడం ఆ క్లబ్బు పని. జీతం ఉండదు. కొండెక్కే టికెట్ ఉచితంగా ఇస్తారు. బయట కొంటే ఆ టికెట్ రోజుకు నూట అరవై డాలర్లు. రెండు చలికాలాలు పడి లేచాక లీడరు పనికి నన్ను పరీక్షకు పెట్టారు. ఈ కథనం ఆ పరీక్ష యాత్ర గురించే. నాలుగు రోజులు, రెండు కొండలు, తొమ్మిది మంది.

మనవాళ్లు ప్రతి విమానంలోనూ సూట్‌కేసులతో దిగుతున్న ఏళ్లవి. నేనుండే బేస్‌మెంట్‌లోనే ఏడుగురం. నా వర్క్ పర్మిట్ ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఇక్కడ ఉండిపోవడానికి కావలసిన పాయింట్లు నాకు చాలవు. మిగిలింది ఒకటే దారి. బ్రిటిష్ కొలంబియాలో మేం వెళ్లబోయే రెండో కొండ మీద, స్కీ స్కూలు మేనేజరు ఒక మాట ఇచ్చాడు. నేను పక్కా లీడర్‌నని క్లబ్బు ఉత్తరం ఇస్తే అతను ఫుల్‌టైమ్ జాబ్ ఆఫర్ ఇస్తాడు, దాంతో నేను ఉండిపోవడానికి అప్లై చేసుకోవచ్చు. ఉత్తరం రాయవలసింది డోరీన్. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ నర్సు, మా యాత్రకు పెద్ద, వ్యాను నడిపేదీ ఆవిడే.

ఆ కొండ పేరు, ఊరి పేరు రాయను. జరిగినదాంట్లో వాటి తప్పేమీ లేదు.

కాల్గరీ: గోదాములో ఫారాలు

బయలుదేరిన ఉదయం క్లబ్బు గోదాములో అందరికీ బూట్లు, స్కీలు ఇచ్చాం. ఆరుగురు విద్యార్థులు, ఒక పెద్దాయన. ఆయన పేరు సోమయ్య. హనుమకొండలో ఇరవై రెండేళ్లు ఫిజిక్స్ లెక్చరర్. నలభై తొమ్మిదో ఏట స్టూడెంట్ వీసా మీద వచ్చి, సప్లై చెయిన్ డిప్లొమా చదువుతున్నారు. ఆయన చదువుతుంటేనే భార్యకు పని చేసుకునే పర్మిట్ వస్తుంది. ఆవిడ వృద్ధుల హోములో పని చేస్తారు, ఆయన గోదాముల్లో పెట్టెలు మోస్తారు. విద్యార్థుల్లో నవ్య అనే అమ్మాయికి ఆయన హనుమకొండలో ఇంటర్ పాఠం చెప్పారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే క్లాసులో పక్కపక్క బెంచీలు.

స్కీలు ఇచ్చేముందు ఒక ఫారం నింపాలి. పేరు, బరువు, ఎత్తు, చివర మీరెలా జారతారన్న ప్రశ్న. ఒకటి అంటే నెమ్మదిగా, జాగ్రత్తగా. మూడు అంటే వేగంగా, దూకుడుగా. బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పు ఒకటుంటుంది. పడినప్పుడు అది విడిపోవాలి. మూడు రాసినవాళ్లకు దాన్ని గట్టిగా బిగిస్తారు. కొత్తవాళ్లకు అలా బిగిస్తే పడినా విడిపోదు. స్కీ ఎటు తిరిగితే మోకాలు అటు తిరుగుతుంది.

ఫారాలు సరిచూడడం నా పని. తీసి చూస్తే ఏడుగురూ మూడు మీదే టిక్కు పెట్టారు.

"ఏంట్రా ఇది? నువ్వు మంచు చూసిందే మొన్న కదా!" అన్నాను కిరణ్‌తో. అతనిది భీమవరం.

"ఎక్కువ పాయింట్లు వస్తాయేమోనని అక్కా. ఐఈఎల్‌టీఎస్ నుంచి ఇదే అలవాటైపోయింది. ఫారం కనబడితే చెయ్యి పెద్ద అంకె మీదకే పోద్ది."

అందరం నవ్వాం. ఒక్కొక్కరి కాగితం మీద మూడు కొట్టేసి ఒకటి వేశాను. ఏడో కాగితం సోమయ్య సార్‌ది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడు చుట్టూ నిండుగా గీసిన గుండ్రం. ఆయన ఎదురుగా నిలబడి, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు చూసినట్టు నా పెన్ను వైపు చూస్తున్నారు. లెక్చరర్ పేపరు దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. కొండ మీదికి వెళ్లాక మెల్లగా చెప్పి క్లిప్పు వదులు చేద్దాంలే అనుకుని, ఆ కాగితాన్ని మిగతావాటి కింద పెట్టాను. క్లిప్పులు బిగించే అతను అందులో ఉన్నట్టే బిగించాడు.

మొదటి కొండ

గుంపు జారేటప్పుడు డోరీన్ ముందుంటుంది, నేను చివర. చివర ఉండేవాళ్లను స్వీప్ అంటారు. అందరూ వెళ్లాకే స్వీప్ కదలాలి. ప్రతిసారీ అడుగుకు చేరాక డోరీన్ ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"నీ వెనక ఎవరు, సూ?"

నా పేరు సుజాత. ఆవిడకు సూ చాలు. "ఎవరూ లేరు" అనాలి. స్వీప్‌కు ఉన్నది ఆ ఒక్క జవాబే.

నాకు ఇది కొత్త కాదు. ఇల్లందులో మా నాన్న బొగ్గు గని ల్యాంపు రూములో పని చేస్తాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ టోపీ దీపం తీసుకుని, నంబరున్న బిళ్ల ఒకటి ఇచ్చి దిగాలి. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బిళ్లలు తగిలించే బోర్డు మీద ఒక్కటి మిగిలినా ల్యాంపు రూము మనిషి ఇంటికి రాడు. నా చిన్నప్పుడు అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి, "ఎవరిదో బిళ్ల మిగిలినట్టుంది" అనేది. ఈ సంగతి మొదటిరోజు చెబితే డోరీన్ నా ముఖం చూసి, "అయితే నీకు నేర్పేదేముంది?" అంది. ఆ మాటకు నేనెంత ఉబ్బిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

మధ్యాహ్నం భోజనానికి క్యాంటీన్‌లో చిన్న గిన్నెడు రాజ్మా కూర పద్దెనిమిది డాలర్లు. సొంత తిండి తెచ్చుకున్నవాళ్లకు కింద ఒక గది ఉంటుంది. అక్కడ కూర్చుని మా పులిహోర తీస్తే చలికి గడ్డకట్టి ఉంది. నవ్య దాన్ని చేతులు ఆరబెట్టుకునే యంత్రం కింద పెట్టింది. గదంతా ఇంగువ వాసన. పక్క బల్ల మీద ఒక తెల్లాయన ముక్కు ఎగబీల్చి, "ఏమిటిది, నాక్కూడా కాస్త పెడతారా?" అన్నాడు. పెట్టాం. కొండెక్కించే కుర్చీల్లోనూ అంతే. పక్కన కూర్చున్న మనిషి ఏడు నిమిషాల్లో విడాకుల సంగతి నుంచి కుక్క ఆపరేషన్ దాకా చెప్పేసి, పైన దిగి, వీడ్కోలైనా చెప్పకుండా జారిపోతాడు. మన రైళ్లలో అలా పరిచయమైతే ఫోన్ నంబరు, పెళ్లి పిలుపు దాకా వెళ్తుంది.

కిరణ్ నాకు పేరు పెట్టేశాడు. "తోకక్కా, ఇంకా రాలేదా?" అని కింది నుంచి అరిచేవాడు. సార్ ఆరోజు ఎన్నిసార్లు పడ్డారో నేను లెక్కపెట్టలేదు. నెమ్మదిగా పడ్డారు, దెబ్బ తగల్లేదు. క్లిప్పు మాత్రం ఒక్కసారీ విడిపోలేదు. చూశాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం ఆయన భార్యతో ఫోన్‌లో, "మస్తు నేర్చుకున్న. పిల్లలందరి కంటె నేనే నయం" అంటుంటే విని వెనక్కి వచ్చేశాను.

కనుమ దాటాక

రెండో రోజు కనుమ దాటి బ్రిటిష్ కొలంబియాలోకి వెళ్లాం. అక్కడి మంచు వేరు. ఆల్బర్టాలో పొడిగా ఇసుకలా ఉంటుంది. ఇక్కడ లోతుగా, చెట్లు నడుం దాకా మునిగిపోయి ఉంటాయి. నేను చదివిందంతా వ్యానులో గడగడా చెప్పాను. ఎవరూ వినలేదు, సార్ తప్ప.

ఆ కొండ క్యాంటీన్‌లో వంట చేసే రాజు అంకుల్ ఫిజీ మనిషి. ముత్తాతను విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటలకు తీసుకెళ్లారట. ఇంగ్లిష్, ఫిజీ హిందీ మాట్లాడతాడు. మేం మాట్లాడుకుంటుంటే గరిటె పట్టుకుని బయటికొచ్చాడు.

"తెలుగూ?" అన్నాడు. ఆ తరువాత మమ్మల్ని వేలితో చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టాడు. తొమ్మిది దాకా వచ్చి, ఒకరు తక్కువైనందుకు నిరాశపడ్డట్టు "పది!" అని వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు. వాళ్ల నాయనమ్మ చెరకు కట్టలు లెక్కపెడుతూ నేర్పిన అంకెలవి. పది దాటితే మళ్లీ ఒకటి. ఆ పదీ, "అన్నం తిన్నావా" అన్న మాటా తప్ప ఆ ఇంట్లో తెలుగు ఏమీ మిగల్లేదు. సార్ ఆయన చెయ్యి పట్టుకుని పదకొండు నేర్పారు. "పదకొండు, పదకొండు" అనుకుంటూ రాజు అంకుల్ లోపలికి వెళ్లాడు.

స్కీ స్కూలు మేనేజరు కూడా వచ్చి నాతో చెయ్యి కలిపాడు. "డోరీన్ ఉత్తరం కోసం చూస్తుంటాను" అన్నాడు. ఆ రాత్రి ఏడాదిలో మొదటిసారి నిద్ర బాగా పట్టింది.

మూడో రోజు

పొద్దున్నుంచీ మబ్బు. ఆకాశం, నేల ఒకే తెలుపు. కుర్చీలో పైకి వెళ్తూ, ఇలాంటి వెలుగులో ఎత్తుపల్లాలు కనబడవని నేను చదివినది చెప్పబోయాను. సార్ అందుకున్నారు.

"వెలుగు అన్ని దిక్కుల నుంచి సమానంగ వస్తుందమ్మా. నీడ పడది. నీడ లేకుంటె లోతు తెల్వది." చేతి తొడుగుతో గాలిలో బొమ్మ గీసి చూపించారు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన పాఠం చెప్పారు. ముఖం వెలిగిపోయింది. ఆ పాఠమంతా విన్నాను. క్లిప్పు సంగతి అప్పుడూ చెప్పలేదు.

సులువైన దారిలోనే దిగుతున్నాం. సగంలో సార్ వరసగా నాలుగుసార్లు పడ్డారు. కింది మలుపు దగ్గర కిరణ్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, నవ్య నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. ఎగతాళి కాదు, పిల్లల నవ్వు. ఆయన చూశారు. డోరీన్ పిల్లలను తీసుకుని దిగిపోయింది. మేమిద్దరం మిగిలాం.

"నువ్వు పో అమ్మా," అన్నారు సార్, మంచులో కూర్చునే.

"లేదు సార్, మీరు లేవండి. నేను వెనకే వస్తా. రూలు అది."

"రూలు నాకు తెల్వదా? ఎనక నిలబడి చూస్తుంటె నాకు కాళ్లాడ్తలేవు. నా చేతి కింద చదివిన పిల్ల ముందర, నీ ముందర, ఇట్ల పడుకుంట లేసుకుంట... పది నిమిషాలు నన్నొక్కణ్ణి ఇడ్చిపెట్టు. మెల్లగ వస్త. నా మాట విను."

ఆ చివరి మాట ఆయన క్లాసులో అన్నట్టే అన్నారు. పదకొండు పుస్తకాలు, రెండు చలికాలాలు, ల్యాంపు రూము బోర్డు, అన్నీ నా తలలోనే ఉన్నాయి. అయినా "సరే సార్" అన్నాను. పెద్దమనిషి తలదించుకుని అడిగితే కాదనడం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. జారి కిందికి వచ్చేశాను.

కుర్చీల దగ్గర డోరీన్ అలవాటుగా అడిగింది.

"నీ వెనక ఎవరు, సూ?"

నేను కొండ వైపు చూశాను. మబ్బు దిగి దారి కనబడడం లేదు.

"సార్," అన్నాను.

ఆవిడ గడియారం చూసి, జేబులోంచి రేడియో తీసింది.

చెట్ల వెనక

గంటన్నర పట్టింది. దారి చీలే చోట ఆయన కుడికి వెళ్లిపోయారు. ఆ తెలుపులో బోర్డు కనబడలేదు. అక్కడ పడి, చెట్లలోకి ముప్ఫై అడుగులు జారిపోయారు. కొండ రక్షణ దళం వాళ్లు వెతికి పట్టుకునేసరికి కుడి స్కీ ఇంకా బూటుకే ఉంది, మోకాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. ఫోన్ చేయడానికి కుడిచేతి తొడుగు తీశారట. చలికి ఫోన్ చచ్చిపోయింది. తొడుగు జారి చేతికందకుండా పోయింది. పడవలాంటి బండి మీద ఆయన్ని దించుతుంటే ఆ వేళ్లు చూశాను. కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. వేళ్లు ఆ రంగుకు వస్తే దాని అర్థమేమిటో నా నోట్‌బుక్‌లో రాసి ఉంది.

కిరణ్ ఫోన్‌లోంచి ఆ వీడియో తీసేస్తూ ఏడ్చాడు. "నేను నవ్వించడానికే తీశానక్కా. నేను నవ్వించడానికే..."

ఊరి ఆస్పత్రిలో డాక్టరు మోకాలికి ఆపరేషన్ కావాలన్నాడు. రెండు వేళ్ల కొనల సంగతి వారం దాకా చెప్పలేనన్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు. సుద్దముక్క పట్టేవి. పెట్టెలు మోసే పనికి ఇక ఎప్పుడు వెళ్తారో ఎవరూ అడగలేదు.

డోరీన్ లోపలికి రాగానే సార్ ఇంగ్లిష్‌లో చెప్పేశారు. "ఈ అమ్మాయి తప్పు లేదు. ఆగమంటే ఆగకుండా నేనే పక్కదారి పట్టాను." ఆవిడ అటు వెళ్లగానే తెలుగులోకి మారారు.

"గదే చెప్పు. ఫారం సంగతి ఎత్తకు."

ఆయనకు తెలుసు. ఫిజిక్స్ చెప్పిన మనిషికి స్కీ ఎందుకు ఊడలేదో తెలియదా?

"మూడు ఎందుకు రాశారు సార్?"

పైకప్పు చూస్తూ అన్నారు. "ఈడికొచ్చినంక అన్నిట్ల కిందనుంచి మొదలు. జీతం, చదువు, మాట... అన్నిట్ల. ఒక్క కాగితం మీదనన్న ఒకటి రాయబుద్ధి గాలె."

వరండాలో కూర్చుని ప్రమాదం రిపోర్టు రాశాను. సార్ చెప్పినట్టు రాస్తే సరిపోయేది. నన్ను నిలదీసేవాళ్లు లేరు. కానీ నేను చదివిన పుస్తకాల్లో ప్రతి జాగ్రత్త వెనకా ఎక్కడో ఎవరో నిజంగా రాసిన ఇలాంటి కాగితమే ఉంది. అవి లేకపోతే లైబ్రరీలో నాకు చదవడానికేమీ ఉండేది కాదు. ఫారం దిద్దకపోవడం, రెండు రోజులు చూస్తూ చెప్పకపోవడం, వదిలి రావడం, వరసగా రాశాను.

డోరీన్ రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసింది.

"నిజం రాశావు. చాలామంది రాయరు."

నాకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి, పుట్టింది.

"కానీ నేను ఉత్తరం రాయలేను, సూ. నువ్వు చెడ్డదానివని కాదు. రేపు ఇంకో పెద్దాయన నిన్ను వెళ్లిపొమ్మంటాడు. అప్పుడు నువ్వేం చేస్తావో నీకు తెలుసా?"

తెలుసని చెప్పాలనుకున్నాను. పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాను.

తిరుగు దారి

నాలుగో రోజు ఉదయం రాజు అంకుల్ దారిలో తినమని అన్నం, బఠాణీ కూర డబ్బాలు కట్టి వ్యానులో పెట్టించాడు. ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. తొమ్మిది కట్టాడు. కనుమ దాటాక ఆగి తిన్నాం. మిగిలిన డబ్బా సార్ కూర్చున్న సీటు మీదే ఉంది. కాల్గరీ దాకా ఎవరూ దాన్ని జరపలేదు. ఆయన భార్య ఆ పొద్దున్నే బస్సెక్కి ఆస్పత్రికి బయలుదేరారని నవ్య చెప్పింది. దారిలో ఎక్కడో మా వ్యానూ ఆవిడ బస్సూ ఎదురుపడే ఉంటాయి.

గోదాములో, క్లబ్బు వలంటీర్లకిచ్చే ఎర్ర జాకెట్ విప్పి కొక్కేనికి తగిలించాను. డోరీన్ నన్ను దగ్గరికి తీసుకుని వీపు తట్టింది. అంతే.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. మేనేజరు నుంచి ఫోన్ రాలేదు. ఏప్రిల్ దగ్గరికొస్తోంది. సార్ మధ్య వేలి కొన తీసేశారు. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేశాను, కొత్తవి తీసుకోలేదు. నోట్‌బుక్ ఉంది, తెరవడం లేదు. కొండలు బస్సు కిటికీలోంచి ఇప్పటికీ కనిపిస్తాయి. అటువైపు కూర్చోను.

తిరిగొచ్చిన సాయంత్రం బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. నాన్న రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. మేము ఎక్కడికి వెళ్లొచ్చినా, స్కూలు పిక్నిక్ అయినా, పెళ్లయినా, ఆయన మొదట అడిగేది ఒకటే.

"ఎంతమంది పోయిన్రు బిడ్డా?"

"తొమ్మిది మందిమి నాయినా."

"ఎంతమంది వచ్చిన్రు?"

"ఎనిమిది మందిమి."

అవతల సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినబడింది. ఆయన తిట్టలేదు. ఏమైందని కూడా అడగలేదు. అర్థంకాని సంగతి విన్నవాడిలా, చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి నువ్వెట్ల వచ్చినవ్?"